జైనూర్ కిటికీలో మైనం పువ్వు

చూస్తే మైనంతో చేసిన బొమ్మ పువ్వేమో అనిపిస్తుంది. చీకటి పడ్డాక పరిమళం ఇల్లంతా పరుచుకుంటే అసలు పువ్వేనని తెలుస్తుంది. దాని పేరు హోయా. ఎండాకాలం మాడ్చేసి, చలికాలం వణికించే జైనూర్ లాంటి చోట ఈ తీగను ఇంట్లో పెంచి, పూయించడం ఎలా? ఆ ఊరి దారుల్లో నడిస్తే సగం పాఠం అక్కడే దొరుకుతుంది.

ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వెళ్లే బస్సు కెరమెరి దాటాక వేగం తగ్గిస్తుంది. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు. ఒక మలుపులో టేకు చెట్లు, ఇంకో మలుపులో లోయ. ఫాల్గుణంలో వెళితే మోదుగ పూలతో కొండకు నిప్పంటుకుందేమో అనిపిస్తుంది. వానాకాలంలో వెళితే మబ్బులు కిటికీలోంచి లోపలికి వస్తాయి. కొండెక్కాక నేల చదునవుతుంది. పత్తి, కంది, సోయా, జొన్న చేలు. ఆ నల్లరేగడి చేల నడుమ జైనూర్. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఈ మండలం 2016లో జిల్లాల విభజన తరువాత కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి సంతలో కాసేపు నిలబడితే చాలు... గోండి, మరాఠీ, తెలుగు, ఉర్దూ, లంబాడీ అన్నీ చెవిన పడతాయి.

బస్సు దిగి నాలుగడుగులు వేస్తే రోడ్డు పక్కన జిల్లేడు పొద. దాన్ని ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు. ఆంజనేయస్వామికి మాల కట్టేవాళ్లు తప్ప దాని వైపు చూసేవాళ్లూ తక్కువే. ఒక్కసారి ఆగి ఆ పువ్వును దగ్గరగా చూడండి. అయిదు దళసరి రేకులు, వాటి నడుమ చెక్కినట్టున్న చిన్న కిరీటం. వేలితో తాకితే మైనంతో పోత పోసినట్టు నున్నగా తగులుతుంది.

నగరాల్లో హాళ్లలోనూ, బాల్కనీల్లోనూ వేలాడే కుండీల్లో వందల రూపాయలు పోసి పెంచుకునే హోయాకు ఈ జిల్లేడు స్వయానా చుట్టం. రెండింటినీ జిల్లేడు కుటుంబంలో చేర్చారు ఒకప్పటి శాస్త్రవేత్తలు. ఇప్పుడు ఆ కుటుంబాన్నే పెద్దదైన గన్నేరు కుటుంబంలో కలిపేశారు. పోలికలు మాత్రం ఎక్కడికీ పోలేదు. తుంచితే రెండింటికీ పాలు కారతాయి. రెండింటి పువ్వుకూ నడుమ కిరీటం ఉంటుంది. రెండింటి పుప్పొడీ పొడిలా రాలదు, చిన్న ముద్దలుగా ఉండి పురుగుల కాళ్లకు తగులుకుని ప్రయాణిస్తుంది. రెండింటి గింజలూ పట్టులాంటి దూదితో గాల్లో ఎగురుతాయి. కంచెల మీద అల్లుకునే దుష్టపు తీగ, వేరు తవ్వి షర్బత్ కాచుకునే సుగంధిపాల కూడా ఈ వంశానివే. అంటే హోయా జైనూర్‌కు పరాయిదే గానీ, దాని చుట్టాలు మాత్రం ఊరి చుట్టూ ఉన్నారు!

తోటమాలి పేరు

ఈ తీగకు ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసుకుంటే ముచ్చటేస్తుంది. లండన్ దగ్గర సయన్ హౌస్ అనే భవనం ఉంది. నార్తంబర్లాండ్ ప్రభువులది. అక్కడి తోటకు పెద్ద తోటమాలి థామస్ హోయ్. ఆయన మీద గౌరవంతో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్ష శాస్త్రవేత్త 1810లో ఈ జాతికి హోయా అని పేరు పెట్టాడు. రాజులకూ ప్రభువులకూ దక్కే గౌరవం మట్టి పిసికిన మనిషికి దక్కిందన్నమాట. ఇంగ్లిషువాళ్లు దీన్ని వ్యాక్స్ ప్లాంట్ అంటారు. మన నర్సరీల్లో హోయా అంటే ఇస్తారు.

హోయాల్లో వందల రకాలున్నాయి. ఆసియా అడవుల నుంచి ఆస్ట్రేలియా దాకా వీటి నివాసం. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లోనూ, పడమటి కనుమల్లోనూ కొన్ని రకాలు సహజంగా పెరుగుతాయి. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది హోయా కార్నోసా. కార్నోసా అంటే కండగలది అని అర్థం. దక్షిణ చైనా, తైవాన్, దక్షిణ జపాన్ ప్రాంతాలు దాని పుట్టిల్లు. గొడుగులా విచ్చుకున్న ఒక్కో గుత్తిలో లేత గులాబీ, తెలుపు కలిసిన నక్షత్రాలు. ఒక్కో నక్షత్రం నడుమ ఎర్రటి చుక్క. నిజానికి ఆ పువ్వులో మైనం ముద్దలేమీ లేవు. రేకులు దళసరిగా ఉండటంతో ఆ రూపు. పగలు అంతగా తెలియని వాసన రాత్రి గుప్పుమంటుంది. తేనె బొట్లు బొట్లుగా కిందికి జారుతుంది. అందుకే కుండీ కింద పరిచిన గుడ్డ జిగటగా అయితే కంగారు పడకండి.

అడవిలో ఈ తీగ సాధారణంగా చెట్ల కొమ్మలను పట్టుకుని పాకుతుంది. చెట్టు రసం పీల్చుకోదు, ఆసరా మాత్రమే తీసుకుంటుంది. బెరడు మీద పేరుకున్న నాచులో, చివికిన ఆకుల్లో దాని వేళ్లుంటాయి. వాన పడితే తడుస్తాయి, కాసేపటికే గాలికి ఆరిపోతాయి. పైనున్న ఆకుల జల్లెడలోంచి దిగిన వెలుగే దానికి ఎండ. కండగల ఆకులో నీళ్లు దాచుకుంటుంది. బ్రహ్మజెముడు లాగా పగటి వేడికి పత్రరంధ్రాలు మూసుకుని, బొగ్గుపులుసు వాయువును ఎక్కువగా రాత్రిపూటే తీసుకుంటుంది. దాంతో నీటి ఖర్చు తగ్గుతుంది. వేళ్లకు గాలి, ఆకులకు వెలుగు, కుండీలో నిలవని నీరు... ఈ మూడూ గుర్తుంటే హోయా పెంపకంలో ముప్పాతిక వంతు వచ్చేసినట్టే.

పత్తికి మేలు, హోయాకు కీడు

జైనూర్‌లో మట్టి కావాలంటే చేలోకి వెళ్లి తట్టెడు తెచ్చుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. హోయా విషయంలో ఆ పని చేయకూడదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. పత్తికీ కందికీ అది వరం. కొమ్మ మీద గాలికి బతికిన వేళ్లకు మాత్రం ఉరి. వారం పది రోజులు తడి ఆరకపోతే వేళ్లు కుళ్లుతాయి. అప్పుడు ఆకులు వడలిపోతాయి. నీళ్లు చాలలేదనుకుని మనం ఇంకో చెంబెడు పోస్తాం. అంతే సంగతులు! ఇళ్లలో ఎండి చచ్చే హోయాల కన్నా ప్రేమతో మునిగి చచ్చేవే ఎక్కువ.

కుండీలోకి గుల్ల మిశ్రమం కావాలి. కొబ్బరి డొక్కల ముక్కలు రెండు పాళ్లు, శనగగింజంత ఇటుక ముక్కలు ఒక పాలు, బాగా చివికిన ఆకుల ఎరువు ఒక పాలు, గుప్పెడు బొగ్గు ముక్కలు. జైనూర్‌లో కొబ్బరి తోటలు లేకపోయినా గుళ్లో కొట్టిన కాయల డొక్కలు దొరుకుతాయి. వాటిని రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ముక్కలు చేసుకోవాలి. అడుగున చిల్లున్న మట్టి కుండీ అయితే మేలు. నాలుగైదు అంగుళాల వెడల్పు చాలు. పెద్ద కుండీలో వేస్తే వేళ్లు తాగలేనంత తడి మిగిలిపోతుంది. వేళ్లు కాస్త ఇరుకుగా ఉన్నప్పుడే హోయా పూతకు వస్తుందని పెంపకందారుల అనుభవం.

మూడు కాలాలు, మూడు జాగ్రత్తలు

జైనూర్‌లో కాలాలు మెత్తగా మారవు. మే నెలలో ఈ జిల్లాలో పగటి వేడి 44, 45 డిగ్రీలకు వెళ్లడం మామూలే. పడమటి కిటికీలో పెట్టిన హోయా ఆకులు ఆ ఎండకు పసుపు పచ్చబడి, మచ్చలు తేలతాయి. తూర్పు కిటికీ దీనికి సరైన చోటు. పొద్దున్న తొమ్మిది దాకా లేత ఎండ, తరువాత నీడతో కూడిన వెలుగు. కూలర్ ఉన్న ఇంట్లో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి హోయాకూ హాయే. ఆ గాలి నేరుగా మొక్కకు కొట్టకుండా చూస్తే చాలు. కుండీ కింద గులకరాళ్లు పరిచిన పళ్లెంలో నీళ్లు పోసి ఉంచొచ్చు. కుండీ అడుగు నీటికి తగలకూడదు.

నీళ్లు ఎప్పుడు పోయాలి? దానికి గడియారం అక్కర్లేదు. ముదురు ఆకును రెండు వేళ్లతో మెల్లగా వంచి చూడండి. బిగువుగా ఉంటే ఇంకా నీళ్లున్నట్టు. రొట్టెలా సులువుగా వంగితే దాహం వేసినట్టు. మిశ్రమంలోకి వేలు పెట్టి చూసి, పొడిగా తగిలితే అడుగు చిల్లులోంచి కారేదాకా పోసి, మళ్లీ ఆరేదాకా ఆగాలి. తడిగానే ఉండి ఆకు వడలిందంటే అది దాహం కాదు, వేళ్ల జబ్బు.

వానాకాలం వస్తే కుండీని చూరు కింద ఉంచొచ్చు. కొత్త చిగుళ్లు వచ్చే కాలం ఇది. పదిహేను ఇరవై రోజులకోసారి బాగా పలచన చేసిన ఎరువు నీళ్లు ఇస్తే సరిపోతుంది. ముసురు పట్టినప్పుడు పిండినల్లి, పేనుబంక రాకుండా కణుపుల దగ్గర వెతకండి. కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, సాయంత్రం పూట కాస్త సబ్బు కలిపిన వేపనూనె నీళ్లు చల్లాలి. కొమ్మ తుంచినప్పుడు కారే పాలు కంట్లో పడకుండా చూసుకోవడం మంచిది.

అసలు పరీక్ష డిసెంబరులో మొదలవుతుంది. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రత అంటూ చలికాలం పత్రికల్లో వచ్చే పేర్లు ఇక్కడి చుట్టుపక్కలవే... సిర్పూర్(యు), తిర్యాణి మండలంలోని గిన్నెధరి. రాత్రిపూట పది డిగ్రీల కిందికి దిగడం ఇక్కడ సాధారణం. కొన్ని రాత్రులు అయిదు డిగ్రీల దరిదాపుల్లోకి పడిపోతుంది. ఇళ్ల ముందు చలిమంటలు వెలిగే ఆ రోజుల్లో కుండీని కిటికీ అద్దానికి దూరంగా, గది లోపలికి జరపాలి. మూడు వారాలకోసారి నీళ్లు పోసినా చాలు. అవీ రాత్రంతా తొట్టిలో చల్లబడినవి కాకుండా గది వేడిలో ఉన్నవి పోయాలి. ఎరువు మానేయాలి.

అలాగని చలి పూర్తిగా శత్రువేం కాదు. పది పన్నెండు డిగ్రీల రాత్రులు, కాస్త పొడిగా ఉన్న వేళ్లు... ఈ విశ్రాంతి దొరికిన కార్నోసాకు వేసవి మొదట్లో మొగ్గలు బాగా వస్తాయి. కోస్తాలోని ఉక్క ఇళ్లలో దొరకని ఈ చలి జైనూర్‌లో ఉచితంగా దొరుకుతుంది. హద్దు తెలిసి వాడుకోవడంలోనే ఉంది నేర్పంతా.

ఉషేగాం మైనం

మైనం గురించి మాట్లాడుతూ జైనూర్ మండలంలోని ఉషేగాం వెళ్లకుండా ఉండలేం. ఓజా కళాకారుల ఊరు అది. తరతరాలుగా డోక్రా ఇత్తడి బొమ్మలు పోత పోస్తున్నారు. ముందు మట్టితో లోపలి రూపం చేస్తారు. దాని మీద సన్నటి మైనపు తీగలు చుట్టి నగిషీ అంతా దిద్దుతారు. పైన మళ్లీ మట్టి పూత. కొలిమిలో పెడితే మైనం కరిగి జారిపోతుంది. అది ఖాళీ చేసిన చోట కరిగిన ఇత్తడి నిండుతుంది. చల్లారాక మట్టిని పగలగొడితే బొమ్మ బయటపడుతుంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇందులో ఒక విశేషం ఉంది. ఒక బొమ్మ కోసం పగిలిన అచ్చు మరో బొమ్మకు పనికిరాదు. ప్రతి బొమ్మకూ కొత్త మట్టి, కొత్త మైనం, మళ్లీ మొదటి నుంచి పని. అందుకే ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు. హోయా పద్ధతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. దాని అచ్చును పగలగొట్టకూడదు!

ఆ కాడ కోయొద్దు

హోయా పూలగుత్తి ఒక పొట్టి కాడ చివర వస్తుంది. పూలు రాలాక ఆ కాడ ఎండుపుల్లలా మోడుగా మిగులుతుంది. గులాబీకీ చామంతికీ అలవాటు పడిన చేయి ఊరుకోదు, కత్తెర తీసుకుని కోసేస్తుంది. అక్కడే పొరపాటు. ఆ కాడ చావలేదు. వచ్చే ఏడు మొగ్గలు మళ్లీ దాని చివరి నుంచే వస్తాయి. దాన్ని కోసేస్తే తీగ ఇంకో కాడ తయారు చేసుకునేదాకా ఆగాల్సిందే. ఆకుల్లేకుండా చాంతాడులా సాగే కొత్త తీగలనూ కోయకూడదు. ముందు తీగ సాగి పట్టు వెతుక్కుంటుంది, ఆకులూ పూల కాడలూ తరువాత వస్తాయి. వాటిని కిటికీ ఊచలకో, కమ్మీకో వదులుగా చుడితే చాలు.

మొగ్గలు కనిపించాక కుండీని అటూ ఇటూ తిప్పకండి. చోటు మారినా, వేళ్లు బాగా ఎండినా మొగ్గలు రాలిపోతాయి. కొమ్మ నుంచి పెంచిన మొక్క మొదటిసారి పూయడానికి రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ మధ్య ప్రేమికుల రోజుకు గుండె ఆకారంలో ఒకే ఒక ఆకు నాటిన బుల్లి కుండీలు అమ్ముతున్నారు. అది హోయా కెర్రీ ఆకు. కణుపు లేకుండా కోసిన ఆకైతే వేళ్లు పోసుకుని ఏళ్ల తరబడి పచ్చగా ఉంటుంది గానీ, తీగ సాగదు. తీగ కావాలంటే కణుపులున్న కొమ్మ అడిగి తెచ్చుకోవాలి.

గదిలో గాలిని ఇది శుభ్రం చేస్తుందని కూడా ప్రచారం ఉంది. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో ప్రకటించిన పరిశీలనలో కొన్ని హానికర ఆవిర్లను బాగా పీల్చుకున్న మొక్కల్లో హోయా ఒకటి. అయితే అది మూసిన గాజు పాత్రల్లో చేసిన ప్రయోగం. గాలి వచ్చిపోయే ఇంట్లో ఒకటి రెండు కుండీలతో అంత ప్రయోజనం ఆశించలేం. కిటికీ తెరవడమే అన్నిటికన్నా సులువు. హోయాను పువ్వు కోసమే పెంచుకుందాం.

మార్లవాయిలో రెండు సమాధులు

జైనూర్ మండలంలోనే మార్లవాయి ఉంది. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూసిన కనకరాజుది ఈ ఊరే. ఇక్కడే వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ల సమాధులున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన శత్రుదేశపు పౌరుడయ్యాడు. హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లే వీల్లేకపోయింది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండుల స్థితిగతులు తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. భార్యాభర్తలిద్దరూ మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్యే బతికారు. వాళ్ల భాష నేర్చుకున్నారు. గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారు చేసే శిక్షణ కేంద్రం 1943లో ఆ ఊళ్లోనే మొదలైంది. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. లండన్‌లో 1995లో పోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలు కూడా ఆ తరువాత ఇక్కడికే చేరాయి.

ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి! తమ పద్ధతులు ఇక్కడివాళ్ల మీద రుద్దకుండా, ముందు ఇక్కడి బతుకు తెలుసుకున్నారు కాబట్టే ఆ దంపతులు ఈ నేలలో వేళ్లూనారు. ఇంటికి తెచ్చిన మొక్క విషయంలో ఆ పని మనది. అది ఎక్కడ పుట్టిందో, ఏ గాలికి అలవాటు పడిందో తెలుసుకోకుండా మన నల్లమట్టి, మన నీళ్లు, మన తొందర దాని మీద రుద్దితే బతకదు.

అడవిలోది అడవిలోనే

జైనూర్ చుట్టుపక్కల అడవుల్లోనూ కొమ్మల్ని పట్టుకుని పెరిగే ఆర్కిడ్లున్నాయి. చూడగానే ఊడదీసి ఇంటికి తీసుకెళ్లాలనిపిస్తుంది. ఊడదీసిన వేళ్లు మళ్లీ కుండీలో పట్టుకోవడం చాలా కష్టం. అడవికి ఒక మొక్క తగ్గుతుంది, ఇంటికి మొక్క దక్కదు. ఇక్కడి ఆదివాసులను చూసి నేర్చుకోవచ్చు. వేసవి మొదట్లో రాత్రంతా రాలిన ఇప్పపూలను తెల్లవారకముందే ఏరుకుంటారు. అవీ మైనంలా మెరిసే దళసరి పూలే. రాలినవి తీసుకుంటారు, చెట్టును ఏళ్లకేళ్లు కాపాడుకుంటారు.

హోయా కోసం అడవికి వెళ్లాల్సిన పని లేదు. తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే వానాకాలం మొదట్లో రెండు మూడు కణుపులున్న కొమ్మ అడగండి. పాలు ఆరేదాకా ఉంచి, ఒక కణుపు లోపలికి వెళ్లేలా తడి కొబ్బరి పీచులో గుచ్చితే నాలుగైదు వారాల్లో వేళ్లు పోసుకుంటుంది. ఎవరింట్లోనూ లేకపోతే నర్సరీలో కొనండి. రేపు మీ తీగ పెరిగాక ఇంకొకరికి కొమ్మ ఇవ్వొచ్చు.

తరువాత ఉన్నదల్లా ఆగడమే. పూత వచ్చిన ప్రతిసారీ ఆ పాత కాడ మరికాస్త సాగుతుంది. రాలిన పూల గుర్తులు గాట్లుగా దాని మీద మిగులుతాయి. కిటికీలో ఆ తీగ పూస్తూ ఎన్నాళ్లయిందో తేదీలు రాసి పెట్టుకోనక్కర్లేదు. ఆ కాడను పిల్లల చేతికి తాకించి చూపిస్తే చాలు.